ఎండకు కాగిన చెరువులో చేప ఏం గుర్తు పెట్టుకుంటుంది?



మన గోడపత్రిక ప్రశ్నల పెట్టెలో పోయిన నెల ఒక చీటీ పడింది. ఏడో తరగతి వాళ్ళు రాశారు. "మే నెలలో మా వూరి కుంట నెర్రెలిచ్చి ఎండిపోయింది. వానలు పడి నీళ్ళు చేరిన పది రోజులకే అందులో సన్నటి పురుగులు లుకలుకలాడినాయి. కొన్నాళ్ళకు కొర్రమీను కూడా దొరికింది. ఇవన్నీ ఎక్కణ్ణించి వచ్చినాయి? వానతోపాటు మబ్బులోంచి పడతాయని మా నాయనమ్మ చెబుతుంది." చీటీ అడుగున వేరే చేతిరాతతో ఇంకో ప్రశ్న వుంది: "ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి గదా, చేపలు తట్టుకుంటాయా?"

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. రెండోదానికి ఈ కాగితాలన్నీ పట్టేట్టున్నాయి. ఓపిగ్గా చదవండి. నిలబడి చదవలేనివాళ్ళు సాయంత్రం ఆటల పీరియడ్ అయ్యాక వచ్చి మిగతా సగం చదువుకోవచ్చు, కాగితం ఎక్కడికీ పోదు.

నాయనమ్మ మాటలో సగం నిజం వుంది. వాన పడితేనే అవి కనిపిస్తాయి. ఐతే అవి వున్నది మబ్బులో కాదు, మన కాళ్ళ కింది బురదలో. కొర్రమీనుకు మొప్పలతోపాటు గాలిని నేరుగా పీల్చుకునే ఏర్పాటు తల దగ్గర వుంది. నీళ్ళు అడుగంటితే తడి బురదలోకి దూరుతుంది. ఒంటి మీద తడి ఆరనంతకాలం అక్కడే బతికి వుంటుంది. చేపలు పట్టి బతికే యానాది పెద్దవాళ్ళకు ఈ సంగతి పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన పని లేదు. సన్నటి పురుగుల సంగతి వేరు. వాటిల్లో డాఫ్నియా, మొయినా అనే నీటి ఈగలు వుంటాయి. వెల్లకిలా ఈదే రొయ్యలాంటి పురుగులు కూడా వుంటాయి. కుంట ఎండే ముందు ఇవి గట్టి పెంకు వున్న గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఆ గుడ్లు బురదలో ఎండి, మట్టిలో మట్టిగా పడి వుండి, తడి తగలగానే పొదుగుతాయి. కొన్ని గుడ్లు ఒక ఏడు కాదు, పదులకొద్దీ ఏళ్ళు అట్లాగే వుండగలవు.

ఈ డాఫ్నియాలో ఒక చిత్రం వుంది. నీళ్ళు, తిండి బాగా వున్నన్నాళ్ళు ఆడ డాఫ్నియా మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు అచ్చు తల్లి నకళ్ళు. గుంపు ఎక్కువై, తిండి తగ్గి, పగటి పొద్దు మారి, చెడ్డరోజులు వస్తున్న సూచనలు తగలగానే అదే డాఫ్నియా పద్ధతి మార్చుకుంటుంది. మగపిల్లల్ని కంటుంది, గట్టి పెంకు గుడ్లు తయారుచేస్తుంది. దాని ఒంట్లో జన్యువులు మారలేదు. మంచి రోజుల్లో ఏవి వున్నాయో చెడ్డ రోజుల్లోనూ అవే వున్నాయి. మరి ఈ మలుపు తిప్పింది ఏమిటి? మన రెండో ప్రశ్నకు దారి ఇక్కడే వుంది.

ముందు వేడి సంగతి కొంచెం చూద్దాం. 1901 నుంచి 2018 వరకు లెక్కవేస్తే మన దేశంలో సగటు వేడి సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. "అంతేనా?" అనొద్దు. సగటు అంత పెరిగిందంటే మండిపోయే రోజులు ఎన్నో ఎక్కువయ్యాయని అర్థం. ఎండాకాలం రేడియోలో, పేపర్లో మన రెంటచింతల పేరు ఎట్లా మోగుతుందో మీకు తెలుసు. అక్కడ 45 డిగ్రీలు దాటటం వింత కాదు. మనమైతే చెట్టు కిందికి పోతాం, గోనెపట్టా తడిపి కిటికీకి కట్టుకుంటాం. చేప ఏం చేస్తుంది? దాని ఒంటి వేడి చుట్టూ వున్న నీటి వేడే. నీళ్ళు కాగితే అదీ కాగుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు గాలిది. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి వుండే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర, 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే పట్టుకోగలవు. వేడికి చేప ఒంట్లో పనులన్నీ వేగంగా జరుగుతాయి కాబట్టి దానికి కావాల్సిన ఆక్సిజన్ ఇంకా ఎక్కువ. అవసరం పెరిగినప్పుడే సరుకు తగ్గిందన్నమాట. తెల్లవారుజామున చెరువు గట్టు మీదికి వెళ్ళి చూడండి. బొచ్చె, శీలవతి చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి. రాత్రంతా నీటిమొక్కలు, పాచి ఆక్సిజన్ వాడుకుంటాయే గాని తయారుచేయవు, అందుకని తెల్లవారే సరికి అది బాగా తగ్గిపోతుంది. అదే చెరువులో కొర్రమీను, మార్పు మాత్రం పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి పోతాయి. వాటికి పుట్టుకతో వచ్చిన సౌకర్యం అది.

ఇక అసలు విషయం. జన్యువులు మారకుండానే జీవి పద్ధతి మారటం ఎట్లా?

మీ దగ్గరున్న పాఠ్యపుస్తకాన్ని చూడండి. మన స్కూల్లో చాలామందికి పోయినేడు సీనియర్లు చదివిన పుస్తకమే వస్తుంది. దానిలో అచ్చు అందరికీ ఒకటే. కానీ ఒక అన్న ముఖ్యమైన చోట్ల గీతలు గీసుకొని వుంటాడు. ఒక అక్క "ఈ పాఠం పరీక్షకు లేదు" అని రెండు పేజీలు కలిపి పిన్ను కొట్టి వుంటుంది. మీరు ఆ పుస్తకం తెరిస్తే గీతలున్న చోట ఆగుతారు, పిన్ను కొట్టిన పేజీలు దాటిపోతారు. అచ్చులో ఒక్క అక్షరం మారలేదు. మారింది మీరు ఏది చదువుతారు, ఏది వదిలేస్తారు అన్నదే.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ డి.ఎన్.ఎ. అనే పుస్తకం వుంటుంది. దానిలో పాఠాలే జన్యువులు. కంటి కణంలో వున్న పుస్తకమే కాలిగోరు దగ్గర కణంలోనూ వుంటుంది. మరి కాలికి కన్ను ఎందుకు మొలవదు? కాలి కణంలో కంటి పాఠాలకు పిన్ను కొట్టి వుంది కాబట్టి. ఈ పిన్నుల్లో ఒకటి మిథైల్ సమూహం. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే, చాలా చిన్న ముక్క. అది డి.ఎన్.ఎ. మీద ఒక అక్షరానికి అతుక్కుంటే సాధారణంగా అక్కడి పాఠం చదవటం ఆగిపోతుంది. ఇంకో పద్ధతి వుంది. పొడవాటి డి.ఎన్.ఎ. దారం, హిస్టోన్లు అనే ప్రోటీను కండెల చుట్టూ చుట్టుకొని వుంటుంది. చుట్టు బిగిస్తే చదవటం కుదరదు, వదులు చేస్తే కుదురుతుంది. మిర్చి బస్తా మూతి బిగించి కుట్టినట్టు, విప్పినట్టు అనుకోండి. ఈ గుర్తుల్ని, పిన్నుల్ని, చుట్టల్ని గురించి చదివే శాస్త్రానికి ఎపిజెనెటిక్స్ అని పేరు. ఈ మాటను 1942లో వాడింగ్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. అప్పటికి డి.ఎన్.ఎ. ఆకారం కూడా ఎవరికీ తెలియదు. ఇప్పుడు మన హైదరాబాదులో సి.సి.ఎం.బి. అనే పెద్ద పరిశోధనాలయంలో కూడా ఈ గుర్తుల మీద పని జరుగుతోంది.

నల్లమల నుంచి వచ్చిన చెంచు పిల్లలకు ఒక ఉదాహరణ చెబితే వెంటనే పట్టుకుంటారు. తేనెపట్టులో రాణి ఒక్కటే గుడ్లు పెడుతుంది. కూలి ఈగలు వేలకు వేలు, అవీ ఆడవే, కానీ అవి తేనె తెస్తాయి, పట్టు కడతాయి. రాణి ఎన్నో రెట్లు ఎక్కువకాలం బతుకుతుంది. మరి రాణిది వేరే జాతి గుడ్డా? కాదు. ఒకే రకం గుడ్డు. పిల్లపురుగుగా వున్నప్పుడు పెట్టే తిండిలోనే తేడా. రాణి కావలసిన పురుగుకు చివరిదాకా రాజాహారం అనే తెల్లటి పాలలాంటి పదార్థం పెడతాయి. మిగతావాటికి కొద్దిరోజులే. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెంపుడు తేనెటీగల్లో ఒక పని చేశారు. మిథైల్ పిన్నులు కొట్టే యంత్రాంగాన్ని పిల్లపురుగుల్లో తగ్గించి చూశారు. రాజాహారం ప్రత్యేకంగా పెట్టకుండానే వాటిల్లో చాలాభాగం రాణులుగా ఎదిగాయి! తిండి పిన్నుల్ని మార్చింది, పిన్నులు బతుకును మార్చాయి.

మళ్ళీ నీళ్ళలోకి వద్దాం. డాఫ్నియాను తినే పురుగులు, చేపపిల్లలు చెరువులో వుంటాయి. వాటి ఒంటినుంచి ఏవో రసాయనాలు నీళ్ళలో కలుస్తాయి. ఆ వాసన తగిలితే కొన్ని జాతుల డాఫ్నియా తల మీద టోపీలాంటి మొన పెంచుకుంటాయి, మింగేవాడికి గొంతులో అడ్డం పడేట్టు. 1999లో ఒక పరిశోధన అచ్చయింది. తల్లికి శత్రువు వాసన చూపిస్తే, పుట్టిన పిల్లలు మొదటినుంచే పెద్ద టోపీతో వచ్చాయి. తల్లీ పిల్లా జన్యువుల్లో తేడా లేదు, తల్లి పడ్డ భయం పిల్ల ఆకారంలో కనిపించింది. ఐతే శాస్త్రవేత్తలు వెంటనే ఒక తగాదా తెస్తారు, అది న్యాయమైన తగాదా కూడా. తల్లి సంచిలో వుండగానే పిల్లకూ అవే నీళ్ళు తగులుతాయి గదా? అప్పుడది తల్లి ఇచ్చిన కబురా, పిల్ల తానే విన్నదా? అందుకనే మనవరాళ్ళలో, ఆ తర్వాతి తరంలో కూడా చూసినాకనే "వారసత్వం" అనే మాట వాడాలంటారు. పేపర్లలో "తాత తిన్నది మనవడి జన్యువుల్లో" లాంటి పెద్ద అక్షరాల వార్త కనపడితే ఈ ప్రశ్న వేసి చూడండి.

గుర్తు పిల్లకు ఎట్లా చేరుతుంది? మళ్ళీ పుస్తకం సంగతే. కొందరు సీనియర్లు పుస్తకం ఇచ్చే ముందు రబ్బరుతో గీతలన్నీ చెరిపి, పిన్నులు పీకి ఇస్తారు. కొందరు అట్లాగే ఇచ్చేస్తారు. పాలిచ్చి పెంచే జంతువుల్లో, మనలో కూడా, పిండం ఏర్పడే తొలిరోజుల్లో ఈ గుర్తులు చాలామటుకు చెరిగిపోతాయి. చేపల పద్ధతి అట్లా లేదు. గంగ, బ్రహ్మపుత్ర ప్రాంతాల వరిమళ్ళలో, కాలవల్లో నీలం చారలతో తిరిగే వేలెడంత లేని చేప ఒకటి వుంది, జీబ్రా చేప. 1822లో హామిల్టన్ అనే ఆయన గంగానది చేపల పుస్తకంలో దాన్ని గురించి రాశాడు. ఇప్పుడది ప్రపంచంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలన్నిటిలో వుంది. 2013లో చైనా, అమెరికాల్లో రెండు బృందాలు దాని పిండాలను పరీక్షించాయి. పిండంలో తండ్రి నుంచి వచ్చిన మిథైల్ గుర్తులు చెరగకుండా నిలిచాయి. తల్లి నుంచి వచ్చిన భాగం కూడా కొద్ది గంటల్లోనే తండ్రి గుర్తుల తీరుకు మారింది! అంటే చేపల్లో పాత గీతలతోనే పుస్తకం చేతులు మారే దారి తెరిచే వుంది.

సరే, దారి వుంది. వేడి కబురు ఆ దారిన పోతుందా? గుడ్డులో వుండగా తగిలిన వేడి చేపను జీవితాంతం వదలదని మాత్రం తేలింది. స్కాట్లండులో జీబ్రా చేప గుడ్లను 22, 27, 32 డిగ్రీల నీళ్ళలో పెట్టారు. పిల్లలు బయటికి రాగానే అన్నిటినీ ఒకే వేడిలో, 27 డిగ్రీల్లో, పెంచారు. నెలల తర్వాత, అవి పెద్దవయ్యాక చల్లటి నీళ్ళకు, వేడి నీళ్ళకు అలవాటు చేసి ఈదించి చూస్తే, ఏ గుడ్డు ఏ వేడిలో పెరిగిందో ఆ తేడా ఈతలో ఇంకా కనిపించింది. ఇది 2012లో అచ్చయింది. మన దగ్గర కొర్రమీను జంట నీళ్ళ మీద తేలే గుడ్లకు, తర్వాత ఎర్రటి పిల్లల గుంపుకు కాపలా కాస్తూ తిరగటం మీలో కొందరు చూసే వుంటారు. ఆ గుడ్లు తేలేది పైపొరలో. చెరువులో అన్నిటికన్నా వేడెక్కేది ఆ పొరే.

వేడి చెప్పే కబురు ఎప్పుడూ మేలే చేస్తుందనుకోవద్దు. మొసలి కథ వినండి. కృష్ణానదిలో, నాగార్జునసాగర్ జలాశయంలో మగ్గరు మొసళ్ళు వున్నాయి. ఇవి గట్టు మీద గుంట తవ్వి గుడ్లు పెడతాయి. మనుషుల్లోలాగా మొసలి పిల్ల ఆడదా మగదా అని పుట్టుకలో నిర్ణయమై వుండదు. గుంటలో వేడి నిర్ణయిస్తుంది. మద్రాసు మొసళ్ళ కేంద్రంలో గుడ్లు పొదిగించి చూసి 1989లో లెక్క చెప్పారు. 28 నుంచి 31 డిగ్రీల వరకు అన్నీ ఆడపిల్లలే. 32.5 దగ్గర అన్నీ మగపిల్లలు. 31.5 దగ్గర, 33 దగ్గర రెండూ కలగలుపుగా వచ్చాయి. ఒకటిన్నర డిగ్రీ తేడాతో ఆడ నుంచి మగకు! ఎర్రచెవి తాబేలు అనే మంచినీటి తాబేలులో ఇది తలకిందులు, చల్లగా వుంటే మగ, వేడిగా వుంటే ఆడ. ఆ తాబేలు గుడ్లలోనే 2018లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు పిన్ను ఎక్కడుందో పట్టుకున్నారు. చల్లటి గుడ్డులో ఒక ఎంజైము హిస్టోన్ మీది మిథైల్ గుర్తును పీకేసి, మగ లక్షణాల జన్యువును తెరుస్తుంది. ఆ ఎంజైమును అడ్డుకుంటే, చల్లగా వున్నా పిల్లల్లో చాలాభాగం ఆడవయ్యాయి. నైలు తిలాపియాను ఇప్పుడు మన చెరువుల్లో కూడా పెంచుతున్నారు. దానిలోనూ చిన్నపిల్లల దశలో నీళ్ళు 35, 36 డిగ్రీలకు కాగితే మగవాటి పాలు పెరుగుతుంది.

చూశారా చిక్కు? వేడికి స్పందించటం పూర్వం మొసలికి పనికొచ్చిన గుణమే అయివుండాలి. ఒక గుంట నీడలో, ఒక గుంట ఎండలో, ఒకటి ముందు, ఒకటి వెనక, మొత్తం మీద ఆడా మగా సరిపోయేవి. అన్ని గుంటలూ ఒకే వైపుకు వేడెక్కితే ఆ గుణమే జాతిని ఒంటిపక్షం చేస్తుంది. అందుకని "గుర్తులున్నాయి కాబట్టి జీవులు సర్దుకుంటాయిలే" అని ఎవరన్నా చెబితే నేను ఒప్పుకోను. గుర్తు అనేది కబురు మోసుకెళ్ళేదే. ఆ కబురు రేపటి చెరువుకు సరిపోతుందో లేదో దానికి తెలియదు.

ఇంకో దారి వుంది, పాతది. పుస్తకం అచ్చే మారటం. దీనికి మన పత్తిచేలకన్నా మంచి పాఠం లేదు. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ అనే రకం పురుగుమందులు మన దేశంలో పత్తికి వచ్చాయి. మొదట కొట్టగానే శనగపచ్చ పురుగు రాలిపోయేది. 1987 నాటికి గుంటూరు, ప్రకాశం చేలల్లో అదే పురుగు అదే మందుకు లొంగకుండా పోయింది. ఆ రోజుల్లోనే తెల్లదోమ కూడా విరగబడి, పత్తి రైతులు అప్పుల్లో కూరుకుపోయారు. మీ తాతలనడగండి, ఆ ఏళ్ళ గురించి కథలుగా చెబుతారు. జరిగిందేమంటే, లక్షల పురుగుల్లో ఏ కొద్దింటికో మందును తట్టుకునే జన్యువు ముందే వుంది. మిగతావి చచ్చాయి, అవి మిగిలి పిల్లల్ని కన్నాయి. పచ్చపురుగు నెలా నెలన్నరలో ఒక తరం పూర్తి చేస్తుంది, ఒక్కో తల్లి వందల గుడ్లు పెడుతుంది. అందుకే ఏడేళ్ళు చాలాయి. దీన్ని ప్రకృతి వరణం అంటాం. దీనిలో పిన్నుల పని కాదు ముఖ్యం, మారింది అచ్చు.

నీటి ఈగల్లో కూడా ఇది పట్టుబడింది. ఇంగ్లండులో ఫెల్‌బ్రిగ్ హాల్ అనేచోట ఒక చెరువుంది. దాని అడుగు బురదను పొరలు పొరలుగా తీశారు. బురద పొరలు పాత క్యాలెండరు లాంటివి, కిందికి పోయేకొద్దీ పాత ఏళ్ళు. 1960 ప్రాంతపు పొరలోని డాఫ్నియా గుడ్లను, 2000 ప్రాంతపు పొరలోని గుడ్లను ప్రయోగశాలలో పొదిగించి, రెండింటికీ వేడి పరీక్ష పెట్టారు. 40 ఏళ్ళ తర్వాతివి కాస్త ఎక్కువ వేడిని ఓర్చుకున్నాయి. 2015లో ఇది అచ్చయింది. చచ్చిపోయిన తాతమ్మనూ నేటి మనవరాలినీ పక్కపక్కన గ్లాసుల్లో పెట్టి చూసినట్టే గదా! ఈ ప్రయోగం నాకు అన్నిటికన్నా ఇష్టం.

పురుగుకు, నీటి ఈగకు కుదిరింది చేపకు కుదురుతుందా? దీనికి జవాబు వెతికింది నార్వే దేశం వాళ్ళు, కానీ చేపలు మన దేశానివే. బెంగాలు నుంచి జీబ్రా చేపల్ని పట్టుకెళ్ళారు. నీళ్ళను మెల్లగా వేడిచేస్తూ, ఏ చేప ఎన్ని డిగ్రీల దగ్గర తూలి పక్కకు ఒరుగుతుందో చూసి, వెంటనే చల్లటి నీళ్ళలో వేసి కాపాడారు. ఎక్కువ తట్టుకున్నవాటిని ఏరి, వాటితోనే పిల్లల్ని కనిపించారు. ఇట్లా ఆరు తరాలు, వేలకొద్దీ చేపలు. 2020లో లెక్క చెప్పారు. తరానికి పెరిగిన ఓర్పు 0.04 డిగ్రీ. నోట్‌బుక్ తీసి మీరే లెక్కవేయండి. ఒక డిగ్రీ పెరగాలంటే 25 తరాలు. జీబ్రా చేపకు తరం అంటే కొన్ని నెలలే. శీలవతి, బొచ్చెలాంటివి గుడ్లకు రావాలంటే సుమారు రెండేళ్ళు పడుతుంది. వాటికీ అదే వేగం వుందనుకుంటే 50 ఏళ్ళు. ఒక జాతి లెక్క ఇంకో జాతికి అచ్చంగా సరిపోదు, అది నిజమే. కానీ ప్రయోగశాలలో ప్రతి తరంలోనూ మనిషి కూర్చుని గట్టివాటిని ఏరిపెట్టాడు. చెరువులో అట్లా ఏరిపెట్టేవాళ్ళు ఎవరున్నారు?

కాబట్టి చీటీ రాసిన పిల్లలకు నా జవాబు ఇది. చేప దగ్గర మూడు రకాల సాయం వుంది. అప్పటికప్పుడు సర్దుకోవటం, అంటే లోతుకు పోవటం, బురదలో దూరటం, గాలి మింగటం. ఇది గంటల్లో, రోజుల్లో జరిగే పని. గుడ్డులో వుండగా పడ్డ గుర్తులతో తన బతుకును, కొన్ని జాతుల్లో పిల్లల బతుకును కూడా కొంత మలుచుకోవటం. ఇది ఒకటి రెండు తరాల పని. అచ్చే మారటం, పదుల తరాల పని. మధ్యదాని విలువ ఏమిటంటే, మూడోది జరిగేదాకా జాతి ప్రాణం నిలిపి కొంత గడువు ఇస్తుంది. అప్పులవాడు ఇచ్చే గడువు లాంటిదే, అప్పు మాఫీ కాదు.

గడువు అందరికీ సమానంగా కూడా రాదు. గాలి మింగే కొర్రమీనుకు, మార్పుకు కొంత ఎక్కువ. ఆక్సిజన్ నీళ్ళలోంచే తీసుకోవాల్సిన బొచ్చె, శీలవతి, ఎర్రమోసులకు తక్కువ. లోతైన చెరువులో అడుగున చల్లటి నీళ్ళు మిగులుతాయి, చేప అక్కడికి దిగుతుంది. శ్రీకృష్ణదేవరాయల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు లాంటి పెద్ద చెరువులో లోతు ఒక రక్ష. ఊరి కుంట పూడిపోయి మోకాలి లోతుకు వస్తే ఆ రక్ష పోయినట్టే. గట్టున తుమ్మ, కానుగ చెట్లు నరికేస్తే నీడ కూడా పోతుంది. చేపకు కావాల్సింది పెద్ద విద్య ఏమీ కాదు, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు దిగటానికి ఒక చల్లటి గుంట.

పురుగుమందు విషయంలో మాత్రం గడువు అసలే లేదు. పత్తికి, మిర్చికి కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్ మందులు మనుషులకన్నా చేపలకు ఎన్నో రెట్లు ఎక్కువ విషం. మందు కొట్టి వచ్చినాక పంపును, డబ్బాను సాగర్ కాలవలోనో కుంటలోనో కడిగితే, ఆ నీళ్ళకు అలవాటు పడటానికి చేపకు ఏ గుర్తూ సాయం రాదు. డాఫ్నియాలు పోతే వాటిని తినే చేపపిల్లలు కూడా ఆకలితో పోతాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ నాన్నకు, మామయ్యకు ఈ ఒక్క మాట చెప్పండి: డబ్బా కడిగిన నీళ్ళు చేలోనే పోయాలి. చేపలమ్మి మిమ్మల్ని చదివించే ఇళ్ళు మనలో వున్నాయి. వాళ్ళ కూడు ఆ నీళ్ళలో వుంది.

ఆఖరుకు ఒక పని. వచ్చే ఎండాకాలం సెలవుల్లో మీ వూరి ఎండిన కుంట నుంచి దోసెడు మట్టి తీసుకురండి. పైన రెండు వేళ్ళ మందం పొర చాలు. గాజు సీసాలో వేసి, వాననీళ్ళు గాని, రెండు రోజులు ఎండలో వుంచిన బోరునీళ్ళు గాని పోయండి. నేరుగా ఎండ తగలకుండా, వెలుతురు వుండే కిటికీలో పెట్టండి. రెండో సీసాలో, మందు డబ్బాలు కడిగే చోటు నుంచి తెచ్చిన మట్టి వేయండి. ఆ మట్టిని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, కవరు తొడుక్కొని తీయండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. మూడో రోజు నుంచి ప్రతి ఉదయం భూతద్దంతో చూసి, తెల్లగా కుప్పిగంతులు వేసే చుక్కలు ఏ సీసాలో ఎన్ని వున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. జూన్‌లో బడి తెరిచాక ఏ వూరి మట్టిలో ఎన్ని పొదిగాయో ఆ లెక్కలన్నీ ఈ గోడ మీదే, దీని పక్కన అంటిద్దాం. సీసా మీద వూరి పేరు, మట్టి తీసిన తేదీ రాయటం మరవొద్దు.